చెప్పుల కాపలా

మా సండేస్కూలు పిక్నిక్కులో నా ఉద్యోగం చెప్పుల కాపలా. తొంభైల మొదట్లో ఏటా క్రిస్మస్ సెలవుల్లో ఒక రోజు నర్సీపట్నం నుంచి వ్యాను కట్టించుకుని అందరం తాండవ రిజర్వాయరుకి వెళ్లేవాళ్లం. పలావు డేగిశా దింపేవారు, చిన్న ప్రార్థన అయ్యేది, ఆ తర్వాత పిల్లలూ పెద్దలూ చెప్పులు విప్పేసి చేపలు పట్టేవాళ్ల పడవలెక్కేవారు. అక్కడ నీళ్లు ఒక్కచోట కుదురుగా ఉండవు. కొండల సందుల్లోకి పాయలు పాయలుగా చొచ్చుకుపోతాయి. పడవ ఒక పాయలోంచి ఇంకో పాయలోకి మళ్లిందంటే మనుషులు కనబడరు, వాళ్ల పాటలు మాత్రం వినబడతాయి. ఆ పాటలు వింటూ నేను ముప్ఫై జతల చెప్పుల పక్కన కూర్చునేదాన్ని.

నా ఎడమకాలికి పోలియో. తొడ దాకా ఇనప కమ్మీల కాలిపర్, చంకలో కర్ర. మా నాన్న బస్సు డ్రైవరు. కొయ్యూరు వైపు ఘాట్ రోడ్డులో పక్కన లోయ కనబడుతున్నా పాట పాడుకుంటూ స్టీరింగు తిప్పే మనిషి. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకటే మాట. “పడవ తిరగబడితే ఆ ఇనుము నిన్ను కిందికి లాగేస్తాది. వద్దు.”

ఆయన కూడా ఎక్కేవారు కాదు. వంట దగ్గర పనుందనేవారు. అదేదో నాకోసం చేస్తున్న త్యాగం అనుకునేదాన్ని. అలాగని నా కోపం తగ్గేదా? అలిగి పలావు మానేసేదాన్ని. చెరువు మీద అలిగినవాడి సామెత మా అమ్మ అందరిముందూ పూర్తిగా చెప్పేది. నేనిక్కడ సగంలోనే ఆపుతున్నాను.

నాకు పదమూడో ఏడు నడుస్తోంది. ఆ ఏడు కూడా అందరూ నీళ్ల మీదికి పోయారు. అమ్మా నాన్నా పొయ్యిల దగ్గరున్నారు. అప్పుడే అవతలి ఒడ్డు నుంచి ఒక కొండ ఊరి ఆవిడ చిన్న పడవ తోలుకుంటూ వచ్చి, విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపులు దింపింది. తిరిగి వెళ్లబోతూ నన్నూ చెప్పుల్నీ చూసింది.

“ఏటమ్మా, అందరూ నీళ్ల మీదుంటే నువ్వొక్కర్తివే కూకున్నావు?”

“కాలు బాగోదు. ఈ ఇనుముతో మునిగిపోతానంట.”

“ఇనుముతోటే భయమైతే ఇప్పేసి ఒడ్డున పెట్టు. పడవని కాల్తో తోలరు గదా. బేగి రా, నాను ఎల్లిపోవాల.”

అంత చిన్న మాట మా సంఘంలో ఇంతమంది చదువుకున్నవాళ్లకి తట్టలేదు. కాలిపర్ విప్పి చెప్పుల వరసలో పెట్టాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే జరుక్కుంటూ నీళ్ల దాకా వెళ్లాను. ఆవిడ నన్ను చంకల కింద పట్టుకుని పడవలోకి లాగింది. కొంతదూరం పోయాక తెడ్డు నా చేతికిచ్చింది. మొదట పడవ గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది. తర్వాత సాగింది. ఏడేళ్లు కర్ర మోసిన చేతులు నావి. పాయ మలుపు తిప్పి, పాటలు పాడుతున్నవాళ్ల పడవ పక్కనుంచి దాటిపోతే పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తిరిగొచ్చేసరికి నాన్న నా కాలిపర్ చేత్తో పట్టుకుని చీలమండల దాకా నీళ్లలో నిలబడి ఉన్నారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎవర్నడిగి ఎక్కావే?”

“సెప్పులనడిగి ఎక్కాను నాన్నా. ఇక్కడ ఇంకెవరూ లేరు.”

ఈలోగా కాపలా లేని చెప్పుల్లోంచి సంఘపెద్దగారి ఎడమ చెప్పు కుక్క ఎత్తుకుపోయింది. ఆయన ఒంటి చెప్పుతో వ్యానెక్కి నన్ను క్షమాపణ చెప్పమన్నారు. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పను.

ఆ మరుసటి ఏడు పిక్నిక్కుకి మమ్మల్ని ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా వెళ్లాను. పెద్దయి టీచరు ఉద్యోగం వచ్చాక సెలవులన్నీ నీళ్ల మీదే గడిపాను. గోదావరి లాంచీ, కొల్లేరు పడవ, ఏది దొరికితే అది. కాలు బాగోలేనిదానికి ఊళ్లు తిరిగే పిచ్చేమిటని స్టాఫ్ రూములో అనేవారు. వాళ్లకి తెలియనిదొకటుంది. నేల మీద నేను కుంటిదాన్ని. పడవలో అందరూ కూర్చోవాల్సిందే. అక్కడ తిట్లు తినేది లేచి నిలబడినవాడే.

రెండు వేల సంవత్సరం దాటి, నాన్న రిటైరయ్యాక, అమ్మనీ ఆయన్నీ కేరళ తీసుకెళ్లాను. తుని వెళ్లి రైలెక్కాం. ఆయన కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా బయట రోడ్డు మీది బస్సు డ్రైవర్ల తప్పులు ఎంచుతూనే ఉన్నారు. అలెప్పీలో మర్నాడు పొద్దున్నే కాలవ దగ్గరికి వెళ్లాం. అక్కడ సరస్సులోంచి కాలవ, కాలవలోంచి ఏరు, మళ్లీ సరస్సు. ఇళ్ల గుమ్మాల ముందు మనకి వీధులున్నట్టు వాళ్లకి నీళ్లున్నాయి. సన్నటి పడవ ఒకటి మాట్లాడాను. పడవతను చెప్పులు విప్పి ఎక్కమని సైగ చేశాడు. అమ్మ విప్పడం, ఎక్కడం, కూర్చోవడం అన్నీ అయిపోయాయి. నాన్న మెట్టు మీదే ఆగిపోయారు.

“సెప్పులు నాను సూస్తాను. మీరెల్లి రండి.”

ఆయన ముఖం చూశాను. రిజర్వాయరు ఒడ్డున కాలిపర్ పట్టుకున్ననాటి ముఖం. ఆ రోజు ఆయన చీలమండలు దాటి ఎందుకు రాలేదో అప్పుడర్థమైంది.

“నాన్నా, నీకు నీళ్లంటే భయమా?”

“సిన్నప్పట్నుంచీ దడమ్మా,” అన్నారు, చెప్పులు చూసుకుంటూ.

అమ్మ పడవలోంచి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. నా ఇనుము పేరు చెప్పి అన్నేళ్లు కూర్చోబెట్టిన భయం ఆయనదన్నమాట. దులిపేద్దామనే అనుకున్నాను. కానీ అరవై దాటిన మనిషి, ఘాట్ రోడ్డుకి జడవని మనిషి, చెప్పుల జత పక్కన గొంతుక్కూర్చోబోతున్నారు. ఆ చోటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కడ ఎవర్నీ కూర్చోనివ్వను.

కాలిపర్ విప్పి ఆయన చెప్పుల పక్కన పెట్టాను. జరుక్కుంటూ పడవలోకి దిగి చెయ్యి చాపాను.

“సెప్పులు పోతే పోనీ నాన్నా. ఎక్కు.”

ఆయన చెప్పుల్నీ కాలిపర్నీ పక్కపక్కన సర్దారు. తర్వాత రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని దిగి, కళ్లు మూసుకుని కూర్చున్నారు. తెడ్డు నేను తీసుకున్నాను. రెండో మలుపు దగ్గర కళ్లు తెరిచి వెనక్కి చూశారు. మేమెక్కిన మెట్టు కనబడటం లేదు.

“ఇంకెంత దూరం తీసుకెల్తావే?”

“నాకు నచ్చినంత. కూర్చో.”