ఇంజను ఆగిన చోటు

నంద్యాలలో నా బతుకు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా. కీబోర్డు వాయిస్తాను. తలంబ్రాలకు ఏ పాట, భోజనాలకు ఏ పాట అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ పాటలంటే నాకు ఒళ్లుమంట. నాకూ, ఆళ్లగడ్డలో ఉండే నా స్నేహితుడికీ కావలసిన సంగీతం వేరు. పాట పావుగంటకు తగ్గకూడదు, మాటలు ఉన్నా లేనట్టే ఉండాలి, పొగమంచులా మెల్లగా పరుచుకున్నాక ఎక్కడో గిటారు లేవాలి. అతను శిల్పుల ఇంటివాడు. పగలంతా ఉలితో, గ్రైండరుతో దేవుళ్లను చెక్కి, సాయంత్రం అదే చేత్తో గిటారు పట్టేవాడు.

మేం చేయాలనుకున్న ఆల్బమ్‌కు కథ అతనిదే. భూమిని విడిచి తరాలుగా పోతున్న ఒక అంతరిక్ష ఓడ, అందులోనే పుట్టి అందులోనే పోయే జనం. "వాళ్లకు ఇంజను సప్పుడు ఇనపడదప్పా. పుట్టినకాడి నుంచి ఉండాది కదా. అది నిలిచిపోయిన దినమే ఇనపడతాది," అనేవాడు. ఆ మాటకే నేను పడిపోయాను. మొదటి పాట మా ఆర్కెస్ట్రా ఓనరుకు వినిపిస్తే, పాపం కాసేపు ఓపిక పట్టి, "బాగుండాది గానీ, పాట ఎప్పుడు మొదలైతాదప్పా?" అన్నాడు. ఎవరి పిచ్చి వారికానందం అనుకుని మా పని మేం చేసుకున్నాం. ఆ ఇంజను చప్పుడు మాత్రం నాకు కుదరలేదు. కీబోర్డులో ఏం కలిపినా పాత ఫ్రిజ్ మూలిగినట్టే ఉండేది.

అంతలో అతనికి దగ్గు పట్టుకుంది. మొదట క్షయ అనుకుని మందులు మింగించారు. తగ్గలేదు. చివరికి కర్నూలులో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము పేరుకుందనీ, దానికి మందు లేదనీ చెప్పాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని అతని భార్య ఏళ్ల తరబడి మొత్తుకుంది. దున్నపోతు మీద వాన. కట్టుకుంటే ఊపిరాడదు అనేవాడు. దేవుళ్లను చెక్కినవాడి రొమ్ములో ఆ దేవుళ్ల పొడే చేరింది. గుడి మెట్లు ఎక్కాలంటే నాకు ఇప్పటికీ కోపమే.

ఇంట్లోకి ఆక్సిజన్ మిషన్ వచ్చింది. ముక్కులో పెట్టిన సన్న గొట్టంలోకి గాలి పంపే పెట్టె అది, రేయింబవళ్లు గుయ్యిమంటూనే ఉండేది. కరెంటు పోతే ఆగిపోతుంది కాబట్టి గది మూలన ఒక సిలిండరు నిలబెట్టారు. కరెంటు పోయిన వెంటనే గొట్టం పీకి సిలిండరుకు తగిలించి, స్పానరుతో దాని వాల్వు తిప్పడం భార్య పని. వంట చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆమె చెవి ఒకటి ఆ గదిలోనే ఉండేది.

ఆల్బమ్‌లో చివరి పాట మిగిలింది, అందులో అతని గిటారు. అతను ఉండగానే అది పూర్తి కావాలి. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు. ఎండాకాలం మధ్యాహ్నం మైకూ లాప్‌టాపూ పట్టుకుని ఆళ్లగడ్డ పోయాను. చప్పుడు రాకుండా తలుపులు మూసి, ఫ్యాను ఆపాం.

"మిషన్ గూడా నిలుపుప్పా. మైకులోకి వస్తాంది," అన్నాడతను.

"నీకేమన్నా పిచ్చా? నేను నిలపను."

కాసేపు ఇద్దరం వాదించుకున్నాం. ఉన్నట్టుండి అతను మిషన్ వైపు చెవి పెట్టి విని, తీగలు ఒక్కొక్కటే వదులు చేసి, గిటారును దాని శ్రుతికి దించాడు. "నీ ఇంజను ఇదేప్పా, పట్టుకో," అన్నాడు.

పాట సగంలో కరెంటు పోయింది. గుయ్యిమనే చప్పుడు తెగిపోయింది. నేను లేవబోతే కళ్లతోనే కూర్చోమన్నాడు. వంటింట్లోంచి ఆమె పరుగు, సిలిండరు మీద స్పానరు జారిన మోత, బుస్సుమన్న గాలి, అన్నీ మైకులో పడ్డాయి. అతని పెదాలు నీలంగా మారుతున్నాయి గానీ ఒక్క స్వరం తప్పలేదు. ఆమె గొట్టం తగిలించి మా ఇద్దరినీ చూసి, "మనుషులేనా మీరు?" అంది. అదీ రికార్డయింది. అతను నవ్వాడు, నవ్వు దగ్గులోకి పోయింది. కాస్త తేరుకున్నాక, "అది కోసేయొద్దు. ఓడ నిలిచిపోయేది ఆడనే," అన్నాడు.

వానలు పడకముందే పోయాడు.

పాట సిద్ధం చేసి తెలిసినవాళ్లకు పంపితే, ఇంజను ఆగిన చోట ఒళ్లు జలదరించిందనీ, ఆ ఆలోచన ఎలా వచ్చిందనీ అడిగారు. కానీ అందులో అతని భార్య అడుగులున్నాయి, ఆమె మాట ఉంది. అడక్కుండా నెట్‌లో పెట్టలేను. ఆమె వద్దంటే ఆ పాట ఉండదు, అది లేకుండా అతని ఆల్బమ్ లేదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టుంటుందని తెలిసే ఆళ్లగడ్డ బస్సెక్కాను.

మిషన్ తిరిగి ఇచ్చేశారు. సిలిండరు ఉన్న మూలన బియ్యం బస్తా ఉంది. ఆమె చేటలో శనగపప్పు ఏరుతూ కూర్చుంది. చిన్న స్పీకరులో పాట పెట్టాను. గుయ్యిమనే చప్పుడు మొదలైనా ఆమె చేతులు ఆగలేదు. గిటారు వచ్చినప్పుడు తల వంచుకుంది. ఆ చప్పుడు తెగిపోగానే చేట జారి పప్పంతా నేలపాలైంది. ఆమె లేచి మూలకు పరుగెత్తింది. చెయ్యి బియ్యం బస్తాకు తగిలి అక్కడే ఆగిపోయింది. స్పీకరులోంచి ఆమె గొంతే, "మనుషులేనా మీరు?" అంది.

ఆమె తిరిగొచ్చి నేల మీది పప్పు ఎత్తుకోసాగింది. నాకు ఏడుపు ఆగలేదు.

"తీసేయమంటే తీసేస్తానమ్మా."

"తీసేసేదానికి నువ్వెవరు, అన్నా? నేను ఆడ సిలిండరుతో సస్తాంటే ఈడ వాయిస్తానే ఉండాడు సూడు, ఒక్కటన్నా తప్పినాడా? ఉండనీ." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంగోసారి పెట్టు."

మళ్లీ పెట్టాను. ఈసారి చేట పక్కన పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంజను ఎక్కడ ఆగుతుందో ఆమెకు ఇప్పుడు తెలుసు. అక్కడికి రాగానే మళ్లీ లేచింది.