పండుగ పళ్లెం ఖాళీగా వచ్చిన ఏడాది

సహోదరులారా, సహోదరీలారా, ముందు నా ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటాను, ఎందుకంటే నా బిడ్డ శాంతి ఇవాళ ఆ కిటికీ పక్కన మీ ఆడపిల్లల మధ్య కూర్చుని ఉంది, దగ్గు లేదు, జ్వరం లేదు, బుగ్గలు నిండాయి, ఇది దేవుడు చేసిన పని, నేను చేసింది కాదు, మీరు చేసింది అసలే కాదు! స్తోత్రం అయింది కాబట్టి ఇక నా కోపం చెబుతాను. నిన్న మన సంఘ పెద్ద మా ఇంటి ముందు బండి ఆపి, దిగకుండానే, "రూతమ్మా, రేపు సాక్ష్యం చెప్పాలె, జర మంచిగ చెప్పు, పండుగ ముంగట గా పాత ముచ్చట్లు ఎందుకు" అన్నారు. ఆయన పెద్దవారు కాబట్టి సరేనన్నాను. కానీ ఆ పాత ముచ్చట్లు తీసేస్తే నా సాక్ష్యంలో ఏం మిగులుతుంది, జబ్బు వచ్చింది, జబ్బు పోయింది అనే గదా, ఆ మాత్రం ఆసుపత్రి చీటీ చూసినా తెలుస్తుంది. నేను మొత్తం చెబుతాను, వినండి.

పోయినేడు వానలు వెనకపట్టినప్పటి నుంచి శాంతికి దగ్గు పట్టుకుంది. నేను బీడీలు చుడతానని మీకందరికీ తెలుసు, మన కోరుట్లలో బీడీలు చుట్టే ఇంట్లో దగ్గు ఎవరికి లేదు గనక, తంబాకు ఘాటుకేమో అనుకుని కషాయం కాచి పోశాను. పిల్ల చిక్కిపోయింది, సాయంత్రమైతే ఒళ్లు కాలేది, కాలేజీకి వెళ్లలేక మంచం పట్టింది. ఇక్కడి ఆసుపత్రిలో చూపిస్తే జగిత్యాల పంపారు, అక్కడ ఎక్స్‌రే తీసి, తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు. అక్కడి నర్సమ్మ మంచిది, నా చెయ్యి పట్టుకుని చెప్పింది, "అమ్మా, బుగులు పడకు, గోలీలు కోర్సు అయ్యేదాంక ఒక్క పూట గూడ ఆపొద్దు, మధ్యల ఆపితే మొండి జబ్బయితది, మొదట్ల కొన్ని వారాలు జాగ్రత్తగుంటే సాలు, తర్వాత ఎవలకూ అంటదు, ఒక పళ్లెంల తిన్నందుకైతే అసలే అంటదు" అని.

అప్పుడు నేను ఏం చేశానో తెలుసా, మన స్త్రీల కూడికలో నిలబడి నా బిడ్డ జబ్బును ప్రార్థన అంశంగా చెప్పాను, మనవాళ్లే కదా, మోకాళ్లూనుతారు కదా అని! మీరు కళ్లు మూసుకుని ఎంత బాగా ప్రార్థించారు, కొందరు ఏడ్చారు కూడా. సాయంత్రానికి ఆ ప్రార్థన అంశం వాడంతా తిరిగింది. నేను కూరగాయల దగ్గరికి వెళ్తే, మన దేవుణ్ణి ఎరగని ఆడవాళ్లు కూడా "మీ బిడ్డకు గదేనట గదా" అని అడిగారు. మీ నోళ్లు దేవుని ముందు తెరుచుకున్నాయా, వీధిలో తెరుచుకున్నాయా, మీరే చెప్పండి!

మా ఇంట్లో క్రిస్మస్ అంటే ఎట్లా ఉంటుందో మీకు తెలియనిది కాదు. శాంతి వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి నక్షత్రం చేస్తుంది, వాళ్ల నాన్న దాంట్లో బల్బు పెట్టి వాసానికి వేలాడదీస్తాడు. బీడీలకు ఆకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలను నేను పారేస్తుంటే ఆ పిల్ల ఏరుకుని, వాటినే చిన్న చిన్న నక్షత్రాలుగా కోసి, దారానికి గుచ్చి గుమ్మానికి కడుతుంది, గాలి వస్తే గలగలమంటాయి, అంగట్లో కొన్న తళుకు తోరణాలు వాటి ముందు నిలవవు. సకినాలు, గరిజెలు ముందే చేసి డబ్బాల్లో పెడతాం, పండుగ నాడు ఆరాధన అయ్యాక బగార అన్నం, కోడికూర, గారెలు స్టీలు పళ్లాల్లో సర్ది, పైన శుభ్రమైన గుడ్డ కప్పి ఇంటింటికీ పంపుతాం. ఆ పళ్లాల మీద నా పేరు చెక్కించి ఇచ్చింది మా అమ్మ, నా పెళ్లిలో. మీ పళ్లాల మీద మీ పేర్లున్నాయి. వచ్చిన పళ్లెం ఖాళీగా తిరిగి పంపడం మన వాడలో లేదు, ఇంకేమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా పోసి పంపుతారు, దసరాకు పక్కిళ్ల హిందువులు పంపినా అంతే, క్రిస్మస్‌కు మనం పంపినా అంతే. మనిషికి మనిషి ఉన్నాడని చెప్పేది ఆ పళ్లెమే, సహోదరులారా.

పోయిన క్రిస్మస్ నాటికి నర్సమ్మ చెప్పిన జాగ్రత్త వారాలు దాటిపోయాయి. శాంతి లేచి తిరుగుతోంది, సన్నగానే అయినా నక్షత్రం కట్టింది, ఆకుల తోరణం కట్టింది, ఈసారి ఇంటింటికీ తిరిగి పాడే క్యారల్స్ వాళ్లకు చాయ్ నేనే పెడతానని పాలు తెప్పించింది. మన యవ్వనస్తులు వచ్చారు. రోడ్డు మీదే నిలబడ్డారు, ఒక్క చరణం పాడారు, "చాయ్ వద్దక్కా, టైం లేదు" అని వెళ్లిపోయి పక్కింట్లో కూర్చుని బిస్కెట్లు తిన్నారు! అంతకు ముందటేడు ఆ గుంపుకు ముందుండి పాడింది నా బిడ్డే. పొయ్యి మీద చాయ్ మరిగి మరిగి నల్లబడింది, శాంతి గిన్నె దించి పారబోసింది.

పండుగ నాడు ఇంకా ఘోరం. శాంతి తానే పళ్లాలు తీసుకుని బయల్దేరింది, ప్రతి ఏడూ ఆ పని దానిదే. మీరు లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే రెండు వేళ్లతో అందుకున్నారు, నా బిడ్డ చేతులు తగులుతాయేమోనని. సరే, భయం ఉంటుంది, తెలియనివాళ్లకు భయం ఉంటుంది, నర్సమ్మ చెప్పిన మాట నేను మీకు ఎన్నిసార్లు చెప్పాను! సాయంత్రానికి మా పళ్లాలు తిరిగొచ్చాయి, ఖాళీగా, పిడికెడు చక్కెర కూడా లేకుండా. ఒక పళ్లెమైతే ప్రహరీ గోడ మీద పెట్టి ఉంది, గుడ్డ కప్పింది కప్పినట్టే ఉంది, అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది, కోడి ఎక్కి గారె పొడుస్తోంది. ఎవరింటి గోడో నాకు తెలుసు, మీకూ తెలుసు, పేరు చెప్పను, వాళ్లు ఇక్కడే ఉన్నారు. ఇక మీ ఇళ్ల నుంచి మాకు వచ్చిన తిండి దేంట్లో వచ్చింది? కాగితం ప్లేట్లలో! అందరి ఇళ్లలో స్టీలు పళ్లాలు గోడకు నిలబెట్టి ఉండగా, మా ఇంటికి మాత్రం తిని పారేసే ప్లేట్లు! ఎందుకంటే మా ఇంట్లోకి వచ్చిన పళ్లెం మళ్లీ మీ ఇంట్లోకి రాకూడదు. శాంతి ఆ ప్లేట్లను చూసి అంతా అర్థం చేసుకుంది, పెద్ద చదువేమీ అక్కర్లేదు దానికి. లేచి వెళ్లి ఆకుల తోరణం తెంపేసింది, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ పూట గోలీలు ఇస్తే చెయ్యి తోసేసింది. "ఎవలకోసం మింగాలె అమ్మా? నేను బతికితే ఎవలింటికి పోవాలె?" అంది. అన్నం కూడా ముట్టలేదు. వాళ్ల నాన్న బతిమాలాడు, నేను తిట్టాను, ఏడ్చాను, లాభం లేకపోయింది. మధ్యలో ఆపితే మొండి జబ్బవుతుందన్న మాట నా చెవుల్లో గింగురుమంటోంది. మీలో ఒకరు గేటు బయట నిలబడి ప్రార్థన చేసి వెళ్లారు, గేటు బయట! అప్పుడు నేను వంటింట్లో నేల మీద కూలబడి నా దేవుణ్ణి అడిగాను, మెత్తగా అడగలేదు: "ప్రభువా, నువ్వు కుష్ఠరోగుల్ని ముట్టుకున్నవు గదా, మరి నీ పేరు పెట్టుకున్నోళ్లు నా బిడ్డ పళ్లెం ముట్టరేంది? నువ్వు పుట్టిన నాడు నీకు జాగ దొరకలే, నీకెరుకే గదా గీ బాధ? నాకు దేవదూతలు వద్దు, మెరుపులు వద్దు, నా బిడ్డ పక్కన కూసొని ఒక్క ముద్ద తినే మనిషిని పంపు. పంపకపోతే నేను నీ మందిరం గడప తొక్కను!" ఇట్లా దేవునితో మాట్లాడవచ్చా అని మీరు తర్వాత తీర్పు చెప్పుకోండి, ఆయన మాత్రం విన్నాడు.

మర్నాడు పొద్దెక్కాక మా గుమ్మంలో కేక వినబడింది. మా వెనకింటి లచ్చవ్వ, కల్లుగీసే గౌండ్ల ఇంటి ముసలమ్మ, బతుకమ్మకు సత్తుపిండి పంపే అవ్వ, మన ఆరాధనకు ఒక్కనాడూ రాని మనిషి. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏందే రూతమ్మ, నా పళ్లెమేది? నిన్నటిసంది సూస్తున్న! మీ పండుగ అయిపాయె, నా బగార అన్నం ఎటు వాయె?" అని నన్ను నిలదీసింది. అవును, మీ ఇళ్ల నుంచి మా పళ్లాలు తిరిగొచ్చిన తీరు చూశాక ఆమె ఇంటికి పంపడానికి నాకు చేతులు రాలేదు. "అవ్వా, పిల్లకు టీబీ, నీకెరుకే గదా" అన్నాను. "ఎరుకే. నేను అడిగింది జబ్బు గురించి కాదు, పళ్లెం గురించి" అంది.

నేను అన్నం, కూర వేడిచేసి గారెలతో పళ్లెంలో పెట్టి ఇస్తే, ఆమె ఇంటికి తీసుకుపోలేదు. తిన్నగా వెళ్లి శాంతి మంచం మీద కూర్చుంది, పళ్లెం ఇద్దరి మధ్యా పెట్టింది. "లేవు బిడ్డా, పండుగ తిండి ఒక్కదాన్ని తింటే నాకు అరగది" అంది. శాంతి కదల్లేదు. అవ్వ కూడా కదల్లేదు, తినలేదు, కూర చల్లారుతోందని నన్ను తిడుతూ కూర్చుంది. చివరికి శాంతి ఇటు తిరిగి, "అవ్వా, నీకు అంటుకుంటది" అంది. "గీ వయసుల నాకేం అంటుకుంటదే, ముసలితనమే అంటుకున్నది" అని అవ్వ ఒక గారె తుంచి సగం తన నోట్లో పెట్టుకుని, సగం నా బిడ్డ నోటికి అందించింది. శాంతి నవ్వింది, సహోదరులారా, నవ్వి, ఏడ్చి, తింది! తిన్నాక అవ్వ చెయ్యి చాపి, "గోలి ఏది, తే" అంది, అది గొంతు దిగేదాకా లేవలేదు. ఆ తర్వాత కోర్సు అయిపోయేదాకా ప్రతి రోజూ అన్నం వేళకు వచ్చి "నా పళ్లెం" అనేది, ఏమున్నా సరే, ఒట్టి పచ్చిపులుసైనా సరే, పిల్లతో కలిసి తిని, గోలీ వేయించి పోయేది.

జగిత్యాలలో ఆఖరి పరీక్ష చేసి జబ్బు లేదన్నారు. దేవునికే మహిమ! వేయి నోళ్లున్నా ఆయనకు ఎంత స్తోత్రం చెప్పినా తీరదు! గోలీలు ఇచ్చిన ఆసుపత్రి ఆయనదే, లచ్చవ్వను లేపి పంపింది ఆయనే. కానీ ఆ వార్త వినగానే మీరు చేతులెత్తి, మా ప్రార్థనలే మా ప్రార్థనలే అన్నారు చూడండి, అక్కడ నా కడుపు మండింది. నా బిడ్డ స్వస్థత మీకు కావాలి, నా బిడ్డ పళ్లెం మాత్రం వద్దా? నా ప్రభువు మా ఇంటికి ఎవరిని పంపుదామా అని ఈ మందిరమంతా చూసి ఉంటాడు, లేచే మనిషి దొరకలేదు, అందుకే మన గోడ అవతలికి వెళ్లి అవ్వను పిలిచాడు. సిగ్గుపడాల్సింది ఎవరో ఆలోచించుకోండి.

పెద్దలు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. ఇక్కడ ఇప్పుడు కూడా ఏదో జబ్బు దాచుకుని, ప్రార్థన అంశం చెబితే ఏమవుతుందోనని భయపడుతూ కూర్చున్నవాళ్లుంటే, తల్లీ, అయ్యా, మీకే చెబుతున్నాను: ప్రభువును నమ్మండి, ఆయనకు మీ ముద్ద అంటరానిది కాదు, ఆసుపత్రికి వెళ్లండి, గోలీలు ఆపకండి, తోడు లేకపోతే మా ఇంటికి రండి, మీ పక్కన నేను కూర్చుంటాను.

మిగతా అందరికీ ఒక మాట. వచ్చే వారం పండుగ. తునికాకు తోరణం శాంతి మళ్లీ గుచ్చుతోంది, పోయినసారి కన్నా పొడుగ్గా. ఆరాధన అయ్యాక మొదటి పళ్లెం లచ్చవ్వ ఇంటికి పోతుంది, ఆ తర్వాత అన్ని ఇళ్లకూ వస్తుంది, గోడ మీద పెట్టిన ఇంటికి కూడా వస్తుంది, నా కోపం తగ్గి కాదు, నా దేవుడు నన్ను వదల్లేదు కాబట్టి. తెచ్చేది శాంతే. గుమ్మంలో నిలబెట్టకుండా దాన్ని లోపలికి పిలవండి, దాని ముందే ఒక్క ముద్ద తినండి, నా పళ్లెం నాకు తిరిగి పంపేటప్పుడు పిడికెడు చక్కెర పోయండి. పళ్లాలు తోమి పెట్టాను.