మా ఆవిడకు రాని జ్వరం

సినిమాల విషయంలో మా ఇంట్లో తీర్పు చెప్పే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. కాలేజీ రోజుల నుంచి చూసిన ప్రతి సినిమా గురించి నోటుబుక్కులో రాసుకునే అలవాటు నాకుంది. కథ ఎక్కడ కుంటింది, పాట ఎక్కడ అడ్డొచ్చింది, ఇంటర్వెల్ తర్వాత ఎందుకు నీరుగారింది, అన్నీ రాస్తాను. బీమా ఆఫీసులో గుమస్తాగా రోజంతా ఊళ్లోవాళ్ల సంగతులు రాస్తూ గడుపుతాను. నా సొంత మాట అంటూ రాసుకునేది ఆ బుక్కుల్లోనే. వాటిని ఇంతవరకు ఎవరూ చదవలేదు.

మా ఆవిడ మేముండే కార్ఖానా పేటలో, ఇంటికి దగ్గరలోనే ఒక చిన్న బడిలో ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది. నేను టికెట్లు తీస్తే సినిమాకు వస్తుంది. హాల్లో ఒక్క ముక్క మాట్లాడదు. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద నేను మాట్లాడతాను, ఆమె వెనక కూర్చుని "ఆఁ" అంటుంది. ఇరవై ఏడేళ్లుగా ఇంతే. ఆమె సినిమాల్లో నిద్రపోతుందని మా ఆఫీసులో చాలామందికి చెప్పి నవ్వించాను కూడా.

ఆ మధ్య సెలవురోజున మేం చూసింది ఒక దయ్యం సినిమా మూడో భాగం. మొదటి భాగంలో యూనిఫాంలు కుట్టే షెడ్డులో చనిపోయిన ఒకామె దయ్యమై వస్తుంది. రాత్రిపూట మిషను దానంతటది తిరుగుతుంది. అది బాగా ఆడింది. రెండో భాగం పర్వాలేదనిపించింది. మూడోదానికి వచ్చేసరికి షెడ్డు పోయి పెద్ద మాల్ వచ్చింది, మిషన్లు వందయ్యాయి, భయం మాత్రం ఎటో పోయింది. ఇంటర్వెల్‌లోనే నా మనసులో ఒక అభిప్రాయం తయారైపోయింది.

ఉదయం ఆట వదిలాక గేటు దగ్గర ఒకమ్మాయి మైకు పట్టుకుని నిలబడి ఉంది. ఏదో వీడియో చానల్ ఆమెది. వెనకాల ఫోనుతో తీసే అతను. జనం వస్తుంటే ఎవరో ఒకరిని ఆపి "ఎట్లుంది సిన్మా?" అని అడుగుతోంది. నేను కావాలనే నెమ్మదిగా నడిచాను. ఆపింది.

"చూడమ్మా," అని మొదలుపెట్టాను. "భయానక రసం అనేది మన దగ్గర ఎప్పుడు షురూ అయ్యిందంటే..."

అరనిమిషం విన్నదో లేదో, మైకు నా భుజం మీదుగా వెనక్కి పోయింది. "ఆంటీ, మీరు చెప్పుండ్రి."

మా ఆవిడ నావైపు చూసింది. తర్వాత మైకు వైపు చూసి, పిల్లలకు లెక్క చెప్పినంత మామూలుగా చెప్పింది. "మొదటి దాంట్ల దయ్యానికి ఏడుపుండె. దీంట్ల డ్యూటీ ఉన్నది. టైంకొస్తది, భయపెడ్తది, పోతది. పాపం, దానికి సుత రిటైర్మెంట్ ఇయ్యాలె."

మైకు అమ్మాయి పగలబడి నవ్వింది. ఫోను పట్టుకున్నతను నవ్వితే ఫోను ఊగింది. "ఆంటీ, నెంబరియ్యిండ్రి, మళ్ల పిలుస్తం," అంది. మా ఆవిడ బయటివాళ్లకు తన నెంబరు ఇవ్వదు. నాది ఇచ్చింది.

స్కూటర్ మీద ఆ రోజు నేను మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున టిఫిను తింటుంటే మా అమ్మాయి ఫోను తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. వీడియోలో మా ఆవిడ. ఆమె పక్కన నా మోచెయ్యి. నేను మాట్లాడింది ఒక్క అక్షరం లేదు. కింద వందలకొద్దీ మాటలు. "ఆంటీ ఒక్క ముక్కల తేల్చేసింది." "మా అమ్మ యాదికొచ్చింది." "ఆంటీని సినిమాకు డైరెక్టర్‌ని చెయ్యుండ్రి." అమ్మాయి పైకి చదువుతూ నవ్వుతోంది. మా ఆవిడ సిగ్గుపడి "ఇగ చాలు, పక్కన పెట్టు," అంటూనే దోసె తిప్పడం మరిచిపోయి మాడ్చింది.

నేను కూడా నవ్వాను. ఆఫీసుకు వెళ్లి, తలుపు చాటుకు కుర్చీ జరుపుకుని, ఆ మాటలన్నీ మొదటి నుంచి చదివాను. ఒక్కడైనా ఆమెను తిట్టాడేమోనని వెతికాను. చాలా కిందికి పోయాక ఒకడు దొరికాడు. "ఆంటీకి సినిమా సమజ్ కాలే" అని రాశాడు.  దాని కింద లైకు నొక్కాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెబుతున్నాను.

తర్వాత రెండు మూడు వారాలు కార్ఖానాలో నడవడమే కష్టమైంది. కటింగు షాపులో మంగలి నా తల వంచి కత్తెర ఆడిస్తూ, "రిటైర్మెంట్ ఆంటీ మీ ఇంటామెనేనట గదా సార్?" అన్నాడు. అవునన్నాను. "మస్తు చెప్పింది సార్," అన్నాడు. నేను ఆ షాపుకు పన్నెండేళ్లుగా వెళ్తున్నాను. ప్రతిసారీ ఏదో సినిమా గురించి చెబుతాను. అతను నా మాట ఒక్కటీ తిరిగి అప్పజెప్పిన గుర్తు లేదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగేవారు. నేను చెప్పులు వేసుకుని మెట్ల కింద నిలబడి చూసేవాడిని. ఇంట్లో ఊరికే వంకలు పెట్టడం మొదలైంది నాకు. చారులో ఉప్పెక్కువైందన్నాను, తలుపు చప్పుడు చేస్తున్నావన్నాను. "ఏందీ, ఆఫీసుల ఏమన్న తక్లీఫా?" అని అడిగింది. లేదన్నాను.

ఇంతలో ఆ దయ్యం సినిమాలో నవ్వించే వాచ్‌మన్ పాత్రను పట్టుకుని వేరే సినిమా తీశారు. దయ్యం లేదు, ఒట్టి కామెడీ. విడుదలకు ముందురోజు, గురువారం మధ్యాహ్నం, ఆఫీసులో ఉండగా నా ఫోను మోగింది. మైకు అమ్మాయి.

"అంకుల్, రేపు పొద్దుగాల ఆటకు ఆంటీని తోలుకొస్తరా? అందరు ఆంటీ ఏం చెప్తదో అని అడుగుతున్రు."

నేను ముందుగా ఏమీ అనుకోలేదు. నోరే చెప్పేసింది. "ఆంటీకి పాణం బాలేదమ్మా. జొరం."

"అయ్యో. మస్తున్నదా?"

"మస్తే ఉన్నది," అన్నాను.

 సాయంత్రం ఇంటికి వెళ్తే మా ఆవిడ పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ కూర్చుని ఉంది. "రేపు ఆ వాచ్‌మన్ సిన్మా వస్తదట గదా," అంది. "పోదామా?" అని అడుగుతున్నట్టే ఉంది ఆ గొంతు. "అంత బాగుండదంట," అన్నాను.

శుక్రవారం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి ఒక్కడినే వెళ్లాను. నోటుబుక్కులో ముందురోజే నాలుగు వాక్యాలు రాసుకున్నాను, సినిమా చూడకముందే. హాల్లో చుట్టూ అందరూ నవ్వుతుంటే నేను ఆ వాక్యాలను మనసులో చిన్నవి చేసుకుంటూ కూర్చున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలి, ఆమెలాగ. చివరికి ఒకటి కుదిరింది. "దయ్యం లేని చోట వాచ్‌మన్ భయం, కూర లేని అన్నంల తిరగమోత." బాగుందనుకున్నాను. ఇప్పటికీ మరీ చెడ్డదేం కాదనుకుంటాను.

గేటు దగ్గర ఆ అమ్మాయి నన్ను చూసి తనే ఎదురొచ్చింది. నా వాక్యం చెప్పాను. తల ఊపింది. "ఆంటీకెట్లున్నది అంకుల్?" అంది.

"నిన్నటికంటె నయం," అన్నాను.

సాయంత్రానికి వీడియో పడింది. అందులో నేనున్నాను. నా తిరగమోత వాక్యం లేదు. "మన రిటైర్మెంట్ ఆంటీకి జొరమట" అని ఆ అమ్మాయి గొంతు, తర్వాత నా ముఖం, "నిన్నటికంటె నయం" అంటూ. అంతే. కింద మళ్లీ వందలకొద్దీ మాటలు, ఆంటీకి తొందరగా నయం కావాలని. మారేడ్‌పల్లి నుంచి ఎవరో తులసి కషాయం ఎలా కాచాలో మొత్తం రాశారు. మా అమ్మాయి ఆఫీసు పని మీద బెంగళూరులో ఉంది, రేపు గానీ రాదు. మా ఆవిడ ఇలాంటివి తనంతట తాను తెరిచి చూడదు. బతికిపోయాను అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం తలుపు కొట్టారు. మా ఆవిడ అప్పుడే తలస్నానం చేసి వచ్చి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. ఎదురుగా పాస్టరమ్మ, ఆమెతో సంఘంలోని ముగ్గురు అక్కలు. చేతుల్లో సంత్రా పండ్లు, బ్రెడ్డు, ఒక హార్లిక్స్ సీసా.

"ఏందమ్మా, జొరంల తలకు పోస్కున్నవ్?" అంది పాస్టరమ్మ.

 మా ఆవిడ తిరిగి నన్ను చూసింది. నేను పేపరు పట్టుకుని ఉన్నాను. ఆ చూపుకు పేపరు మడిచి పెట్టేశాను.

"ఇప్పుడు తగ్గిందక్కా. రాండ్రి, కూసోండ్రి," అంది.

ఎలా తెలిసిందని ఆమె అడగలేదు, వాళ్లే చెప్పారు. వీడియోలో మీ ఆయన చెప్పిండు గదా అన్నారు. ఆమె "అవునా" అంది. వాళ్లు చాప మీద కూర్చుని ప్రార్థన చేశారు. పాస్టరమ్మ మా ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, జ్వరాన్ని గద్దించింది. తర్వాత, "తండ్రీ, ఈమెను కనిపెట్టుకొని ఉన్న భర్తను సుత దీవించు, ఆయనకు ఓపిక దయచెయ్యి," అంది. మా ఆవిడ తల వంచుకుని అందరికంటే గట్టిగా "ఆమేన్" అంది. నా జీవితంలో అంత పొడుగైన ప్రార్థన ఇంకోటి లేదు.

వాళ్లు వెళ్లాక ఆమె సంత్రాలు గిన్నెలో వేసి నా ముందు పెట్టింది.

"ఆ పిల్ల నాకోసం ఫోన్ చేసిందా?"

"చేసింది."

"జొరమని చెప్పిండ్రా?"

"చెప్పిన."

"ఎందుకు?"

అబద్ధం ఇంకోటి వెతికాను, దొరకలేదు. "నిన్ను చూస్తే కడుపు మండింది," అన్నాను.

ఆమె నమ్మనట్టు చూసింది. "గంత చిన్న మైకు మీదనా?"

"మైకు మీద కాదు. నువ్వన్న ముక్క నాకు తోచలే. మూడు సినిమాలు చూసిన, నాలుగు పేజీలు రాసిన. నాకు తోచలే."

 ఆమె ఒక సంత్రా తీసుకుని తొక్క తీస్తూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. సీతాఫల్‌మండిలో వాళ్లమ్మ ఇంట్లో మిషను కుట్టేదట. నాకు ఆ మిషను తెలుసు, మా పెళ్లినాటికి మూల పడి ఉండేది. బడి యూనిఫాంలు, జాకెట్లు కుట్టి కుట్టి ఆమెకు చూపు మందగించిందట. పిల్లలు పడుకుంటే ఆ చప్పుడులోనే పడుకునేవాళ్లట. అమ్మ పోయాక ఇల్లు నిశ్శబ్దమై నిద్ర పట్టేది కాదట. మొదటి సినిమాలో మిషను దానంతటది తిరిగినప్పుడు అందరూ కేకలు వేస్తుంటే తను కళ్లు మూసుకుని విన్నదట, ఏడ్చిందట.

"చెప్పలేదేం?" అన్నాను.

"యాడ చెప్పనిచ్చిండ్రు? కార్ఖానా వచ్చేదాంక కెమెరా గురించి చెప్పిండ్రు మీరు. ఇన్నేండ్లల్ల నీకెట్లనిపించింది అని ఒక్కపారన్న అడిగిండ్రా? మళ్ల నేను పడుకుంటనని మీ దోస్తులకు చెప్తరట."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా, నిజం చెప్పాలంటే, కుళ్లు తగ్గలేదు. సినిమా హాల్లో నేనెన్నడూ ఏడవలేదు. అందరూ భయపడే చోట ఏడవడానికి ఆమె దగ్గర ఒక మిషను చప్పుడు ఉంది. నా దగ్గర నోటుబుక్కులున్నాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయిని తీసుకుని వాచ్‌మన్ సినిమాకు వెళ్లింది. నన్ను పిలవలేదు. నేను మైకు అమ్మాయికి ఫోను చేసి, జ్వరం అబద్ధమని, నేనే అలా చెప్పానని ఒప్పుకున్నాను.  "ఎందుకంకుల్ గట్ల?" అంది. తర్వాత, "మేం ఈ సిన్మాది బంద్ చేసినం. మొదటి రెండ్రోజులే జనం చూస్తరు. ఇగ ఆంటీ చెప్పినా ఎవ్వరు చూడరు," అంది. నా పని వల్ల మా ఆవిడకు పోయిన అవకాశం పోయినట్టే.

సాయంత్రం వంటింట్లో ఆమె బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరుతుంటే గుమ్మంలో నిలబడి అడిగాను. "ఎట్లుంది సిన్మా?"

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది. చెప్పదేమో అనుకున్నాను.

"నవ్వొచ్చింది," అంది చివరికి. "కానీ మొదటి దాంట్ల ఆ వాచ్‌మన్‌కు పెండ్లాముండె. దయ్యమొచ్చినప్పుడల్ల ఆమెకు ఫోన్ చేసి ఏడుస్తుండె. దీంట్ల ఆయన ఇల్లు సుత చూపెట్టిండ్రు, ఆమె లేదు. ఎటు పోయిందో ఒక్కరు అడగరు. గంతసేపు గదే సోంచాయించిన, సగం జోకులు పోయినయ్."

నేను ఆ సినిమా మొత్తం చూశాను. ఆ భార్య సంగతే నాకు గుర్తు రాలేదు. కడుపులో మళ్లీ అదే మంట. గదిలోకి వెళ్లి నోటుబుక్కు తీసి, నా తిరగమోత వాక్యం కింద ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. రాసి, పక్కన ఇది మా ఆవిడ మాట అని గుర్తు పెట్టాను. ఆ అరపేజీ ఒక్కటే నా బుక్కులన్నిటిలో చదవదగింది కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు మైకు అమ్మాయి దగ్గర మా ఆవిడ నెంబరే ఉంది, ఈసారి తనే ఇచ్చింది. ఏ దయ్యం తిరిగొచ్చినా, ఏ కమెడియన్‌కు వేరే సినిమా పుట్టినా ఆమెకే ఫోను వస్తుంది. ఇష్టమైతే వెళ్తుంది, పిల్లల పరీక్షలుంటే వెళ్లదు. నేను స్కూటర్ మీద దింపుతాను, పక్కనే కూర్చుని సినిమా చూస్తాను. మొన్న గేటు దగ్గర ఆమె మాట్లాడుతుంటే నేను స్కూటర్ స్టాండు దాకా నడిచిపోయాను, వినపడితే మళ్లీ కుళ్లు పుడుతుందని. తీరా ఇంటి దారిలో ఆగలేకపోయాను. ఏం చెప్పావని అడిగాను.

"సాయంత్రం వీడియోల చూస్కోండ్రి," అంది.