తపాలచెక్క ముందు ఓడిన సమ్మె

ఏడో తరగతితో నా చదువు చాలని ఇంట్లో తీర్మానమైపోయిన ఆ రోజుల్లో, లోకాన్ని మార్చడానికి ఒక్క మంచి పుస్తకం చాలని నేను గట్టిగా నమ్మేదాన్ని. (ఇల్లు ఊడ్వమంటే మాత్రం ఒంట్లో బాగుండేది కాదు.) మాది పోచంపల్లిలో చేనేత ఇల్లు. బాపు మగ్గం మీద నాడె ఆడిస్తూ నేస్తుంటే, అమ్మా అవ్వా రాట్నాల దగ్గర ఆ నాడెలోకి నూలు కండెలు చుడుతుంటే, గ్రంథాలయం నుంచి తెచ్చిన మిల్లు కార్మికుల సమ్మె నవల నేను పైకి చదివేదాన్ని. బాపు నాడె ఆపి మరీ వినేవాడు. "గా మిల్లు దొరకు జర్రంతన్న దయ లేదు!" అని పళ్లు కొరికి, కళ్లు తుడుచుకునేవాడు.

ఇంత దయగల మనిషి కదా అన్న ధైర్యంతో ఓ పొద్దున ఆయన ముందు నిలబడి, "భువనగిరి పెద్దబడికి పంపేదాంక నేను అన్నం ముట్ట" అన్నాను.

బాపు తల కూడా ఎత్తలేదు. "ముట్టకు. గింజలు మిగుల్తయి."

మధ్యాహ్నానికి అవ్వ బియ్యప్పిండి కలిపి పొయ్యి మీద తపాలచెక్క పెట్టింది. నువ్వులు, పల్లీలు వేగే వాసన ఇల్లంతా కమ్ముకుంది. నవలలో కార్మికులు లాఠీలకు బెదరలేదు గానీ, పాపం, వాళ్లింట్లో తపాలచెక్క చేసేవాళ్లు లేరు. రెండు తిని, వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఓసి పిచ్చిదానా! నీ కడుపు మాడితే మీ బాపుకేం నొస్తది? నువ్వు సదివిన కతల గాళ్లు ఏం బందుజేసిండ్రు? అన్నమా, మిషిన్లా?" అంది అవ్వ.

"మిషిన్లు."

"మరి?" అంటూ రాట్నాన్ని గోడవైపు నెట్టి, కాళ్లు చాపుకుని కూర్చుంది. అది చూసి అమ్మ తన రాట్నమూ ఆపేసింది.

పొద్దుగూకే వేళకు బాపు తన తల్లిని, అంటే మా అవ్వను, కేకేశాడు. "అమ్మా, కండెలేవీ?"

"లేవు బిడ్డా. సమ్మె."

"నా ఇంట్ల నాకే సమ్మెనా? నేనేమన్న మిల్లు దొరనా?"

"కావు గద! మరి గా దొర లెక్క చేస్తవేంది? పుస్తకంల పోరగాండ్లకైతే ఏడుస్తివి. ఇంట్ల పిల్ల ఏడుస్తుంటే కనవడ్తలేదా?"

బాపు ఖాళీ నాడెను పక్కన పెట్టాడు. చివరికి నా వైపు చూడకుండానే, "పోనీ తియ్యి, భువనగిరిల ఉండి సదువుకో. సెలవులకొస్తె మాత్రం కండెలు సుట్టాలె" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను.

ఆ రాత్రి నవల చివరికొచ్చేసరికి, ఆఖరి పేజీలు ఎవరో ముందే చింపేశారు. "ఆఖరికి గెలిచిండ్రా?" అనడిగింది అవ్వ. తెలియదన్నాను. "గెలిచే ఉంటరు తియ్యి" అని ఆవులించి పడుకుంది.

నేను పంతులమ్మనయ్యాక ఎన్నేళ్లకో పూర్తి పుస్తకం దొరికింది. అందులో వాళ్లు ఓడిపోయారు. అప్పటికి అవ్వ లేదు. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. క్లాసులో ఆ కథ చెప్పినప్పుడల్లా మాత్రం అవ్వ చెప్పిన ముగింపే చెబుతూ వచ్చాను. రచయిత ఏమనుకోడు లెండి, పాపం ఆయనకు మా అవ్వ తెలియదు కదా.