సెట్ కాదన్న మానిటర్

సిద్దిపేట బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఒళ్లో దుప్పటి చుట్టిన పాత మానిటర్ ఉంది. "నేను పనిచేసే ఇంటోళ్లు మా బిడ్డకు చిన్న కంప్యూటర్ డబ్బ ఇచ్చిన్రు. తెర లేక అట్లనే ఉన్నది. గిది అగ్గువ ధరకే దొరికింది," అని మురిసిపోతూ చెప్పింది.

ముందు సీటులోని మనిషి వెనక్కి తిరిగి, దుప్పటి తొలగించి చూశాడు. "పాత పిన్ను. కొత్త డబ్బలకు సెట్ కాదక్కా. మంచిగ మోసపోయినవ్!" అని గట్టిగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ చంద్లాపూర్‌లో దిగిపోయింది.

"నిజంగనే సెట్ కాదా?" అని అతన్ని అడిగాను.

"పిన్ను మార్చే చిన్న కన్వర్టర్ పెడితే అయితది. ఆమె అడిగిందా నన్ను?"

బస్సు కదిలింది. "అక్కా, సెట్ అయితది! పారెయ్యకు!" అని కిటికీలోంచి అరిచాను. నేనూ వెక్కిరిస్తున్నాననుకుందేమో, మొహం తిప్పుకుని గబగబా నడిచింది.