రేపల్లెలో ‘కాలువ కబురు’ ఎవరు పెట్టారంటే...

మా చిన్నప్పుడు శుక్రవారం బడి వదలగానే ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు... నేరుగా నాన్న ప్రెస్సుకే. రేపల్లెలో రైసుమిల్లు పక్కన రేకుల షెడ్డు. అందులో నాన్న ‘కాలువ కబురు’ అనే నాలుగు పేజీల వారపత్రిక వేసేవారు.

సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చాలి. చిన్న వేళ్ళు కదా... వత్తులు ఏరే పని మాది. నేను పెద్దదాన్ని, నా వెనక ఇద్దరు చెల్లెళ్ళు.

ఒక వారం, మిల్లు బూడిద తాగే నీళ్ళ కాలువలో కలుస్తోందని నాన్న రాశారు. మా షెడ్డు కూడా ఆ మిల్లు యజమానిదే.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు.

“ఏంటి మాస్టారూ, నా చూరు కింద కూర్చుని నా మీదే రాస్తారా? తప్పయిందని వచ్చే వారం వెయ్యండి.”

“కాలువ చూసొద్దాం రండి. తప్పయితే వేస్తానండి.”

“అలాగా! అయితే మీ అక్షరాలు మీరే ఏరుకోండి.”

ఆయన మనుషులు అక్షరాల అరలన్నీ తెచ్చి రోడ్డు మీద బోర్లించారు. నాన్న అచ్చు వేసే ట్రెడిల్ మిషన్ లోపలే పెట్టి తాళం వేసుకున్నారు.

వాన వెలిసిన బురద... ముగ్గురం లంగాల్లోకి ఏరుకున్నాం.

“అక్కా, దేవుడు వీణ్ణి ఏం చేస్తాడే?” అంది చిన్నది ఏడుస్తూ.

“ముందు ఏరవే” అన్నాను.

పత్రిక మళ్ళీ రాలేదు. నాన్న తెనాలిలో ఎవరి ప్రెస్సులోనో ప్రూఫులు దిద్దుతూనే పోయారు.

పోయిన వారం ఆ యజమాని మనవడు బాపట్లలో మా ఇంటికి వచ్చాడు. ఆ ట్రెడిల్‌కి రంగు వేయించి రేపల్లె బజారులో నిలబెట్టారట. కింద ‘మన ఊరి పత్రిక స్థాపకులు’ అని వాళ్ళ తాతగారి పేరు!

“మీ నాన్నగారు మా తాతయ్య దగ్గర పనిచేశారటగా ఆంటీ... పాత పత్రికలుంటే రెండు ఇవ్వండి, ఆవిష్కరణకి పెడతాం.”

“అలాగే బాబూ, కాఫీ తాగు” అన్నాను.

ఆ కుటుంబాన్ని రోజూ ప్రార్థనలో తలుచుకుంటాను. ఏమని అన్నది నాకూ ప్రభువుకీ మధ్య ఉండనివ్వండి.

అడిగిన రెండు పత్రికలూ ఫొటోలు తీసి ఈ పోస్టులోనే పెడుతున్నాను. ఒకటి మొదటి సంచిక. రెండోది బూడిద వార్త. చివరి పేజీ అడుగున, పత్రిక పెట్టిన మనిషి పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది... ఫొటో పెద్దది చేసి చదువుకోండి.

ఇప్పుడు వార్త వేయడానికి ఎవరి చూరూ అక్కర్లేదు... బోర్లించడానికి అరలూ లేవు.

రేపల్లె వాళ్ళెవరి ట్రంకుపెట్టె అడుగునైనా ‘కాలువ కబురు’ ఉంటే, మీరూ కింద పెట్టండి. ఆవిష్కరణ ఆదివారం... ఆలోపే.