పొయ్యి ఉంది, గిన్నె లేదు: అమీర్‌పేటలో ఒక పగలు

రాజమండ్రిలో డిగ్రీ కాలేజీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పుకునే నాలాంటి వాళ్లని హైదరాబాదు పిలిచి మాట్లాడమనడం అరుదు. అందుకే ఆహ్వానం రాగానే వెనకా ముందూ చూడకుండా ఒప్పేసుకున్నాను. సోమాజిగూడలో ఒకరోజు సదస్సు. విషయం దక్షిణాసియా దేశాల రాజకీయాలు, భద్రత, ఇంధన విధానం. రైలు చార్జీలు వాళ్లవి, బస మనది. సోమాజిగూడ హోటళ్ల అద్దెలు చూశాక గుండె గుభేల్మంది. చివరికి అమీర్‌పేటలో రోజు అద్దెకు మంచం ఇచ్చే లేడీస్ హాస్టల్ ఒకటి దొరికింది. భోజనంతో కలిపి ఐదువందలు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఇంతకంటే చవకైన, నిశ్చింతైన బస ఆ చుట్టుపక్కల నాకు కనపడలేదు.

రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. స్టేషన్ బయట ఆటోవాళ్లు చుట్టుముడతారు గానీ, సామాను తక్కువుంటే వాళ్లని దాటుకుని మెట్రో ఎక్కేయండి. అమీర్‌పేటకు పావుగంట ప్రయాణం, టికెట్టు యాభై లోపే. దిగాక హాస్టల్ వెతకడమే అసలు పరీక్ష. ప్రతి గోడమీదా కంప్యూటర్ కోర్సుల బోర్డులే, ప్రతి సందులోనూ హాస్టళ్లే, అన్నిటి గేట్లూ ఒకే రంగు. మూడుసార్లు తప్పు గేటు తట్టాక సరైనది దొరికింది.

హాస్టల్ కింది భాగంలో మెస్. దాన్ని నడిపే నిర్మలక్కది సిద్దిపేట వైపు ఒక ఊరు. భర్తతో కలిసి ఇక్కడికొచ్చి మెస్ మొదలుపెట్టిందట. ఆయన పోయాక ఒక్కతే నడుపుతోంది. నాకు ఉప్మా పెడుతూ, మూలనున్న పెద్ద అట్టపెట్టె చూపించింది.

"కరెంటు పొయ్యి మేడం, పెద్దది. నిన్ననే వచ్చింది. లైన్ సుత వేరే లాగించిన. మధ్యాహ్నం ఇక్కడ వంట ఉండదు, ఇయ్యాల రాత్రి సంది దీనిమీదనే వంట."

గ్యాస్ ఏమైందని అడిగాను. అడిగినందుకు ఆవిడ నన్ను వింతగా చూసింది. గల్ఫ్‌లో గొడవలు, ఓడలు ఆగిపోయాయి, వచ్చిన గ్యాస్ ముందు ఇళ్లకు, హోటళ్లకూ మెస్‌లకూ మిగిలితే. ఇది నాకు తెలియనిది కాదు. దానిమీదే ప్రసంగించడానికి వచ్చాను. నేను తింటున్న ఉప్మా దాకా ఆ సంగతి వచ్చిందని మాత్రం తోచలేదు.

"పోయిన వారం రెండు రాత్రులు అన్నం పెట్టలేకపోయిన. హాస్టల్ పిల్లలు బిల్డింగ్ ఓనర్‌కు ఫోన్ చేసిండ్రు. ఇంకొక్క పూట బందైతే మెస్ వేరేటోళ్లకు ఇస్త అన్నడు. గీ ఉప్మాతోని ఆఖరి సిలిండర్ ఖాళీ. ఇగ అంతా గీ పొయ్యిమీదనే ఉంది మేడం."

నాకు చెప్పలేనంత సంబరమేసింది. నా ప్రసంగం సారాంశమే అది మరి. సముద్రంలో ఎక్కడో ఒక సన్నటి దారి మూసుకుపోతే మన వంటిళ్లలో మంట ఆరిపోకూడదు, మన దేశాలన్నీ వంటను కరెంటుకు మార్చుకోవాలని పద్నాలుగు పేజీలు రాసుకొచ్చాను. "చాలా మంచి పని చేశారండీ" అని మెచ్చుకుని బయల్దేరాను.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషనే. అక్కణ్ణుంచి సోమాజిగూడకు నడిచాను. దగ్గరే గానీ రోడ్డు దాటడానికి పట్టిన సమయం నడకకు పట్టలేదు. పదింటికి సదస్సు అన్నారు, పదకొండింటికి మొదలైంది. నేపాల్ నుంచి వచ్చిన ఆయన, సరిహద్దులో లారీలు ఆగిపోయిన రోజుల్లో తమ ఊళ్లో వంట ఎలా సాగిందో చెప్పాడు. ఇప్పుడు వాళ్ల నదుల కరెంటు మన తీగల మీదుగా బంగ్లాదేశ్‌కు వెళ్తోందని కూడా చెప్పాడు. కరెంటు దాటినంత సులువుగా నమ్మకం దాటడం లేదని ఢాకా నుంచి వచ్చినాయన అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. తర్వాత నా వంతు. చప్పట్లు బాగానే పడ్డాయి. అబద్ధమెందుకు, ఆ చప్పట్లు నేను లెక్కపెట్టుకున్నాను కూడా.

భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నది కొలంబో నుంచి వచ్చిన శ్యామలి. విశ్వవిద్యాలయంలో పనిచేస్తుంది, ఏదీ దాచుకునే మనిషి కాదు. పప్పు కలుపుకుంటూ, "మీ ప్రసంగం బాగుంది. కానీ అందులో పొయ్యి ఉంది, గిన్నె లేదు" అంది ఇంగ్లీషులో.

నాకు అర్థం కాలేదు. తమ దేశంలో గ్యాస్ దొరకని రోజుల్లో తను కూడా ఎగబడి కరెంటు పొయ్యి కొన్నానని చెప్పింది. "ఇంటికి తెచ్చి అన్నం గిన్నె పెట్టాను. పొయ్యి కూతపెట్టి ఆరిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ కూత. మా గిన్నెలన్నీ అల్యూమినియం. అది ఇండక్షన్ పొయ్యి, దానికి ఇనుప గిన్నె కావాలి, అయస్కాంతం అంటుకోవాలి. ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి పిల్లలకు బిస్కెట్లు పెట్టాను." అలా అంటూనే సంచిలోంచి ఒక ఫ్రిజ్ మ్యాగ్నెట్ తీసి నా చేతిలో పెట్టింది. తేయాకు తోట బొమ్మ. అందరికీ పంచడానికి తెచ్చిందట.

పొద్దున నిర్మలక్క వంటింట్లో గోడవారగా బోర్లించిన గంజులు, అన్నం వండే పెద్దపెద్ద గిన్నెలు, కళ్లముందు మెదిలాయి. తెల్లగా, తేలిగ్గా. అన్నీ సత్తు గిన్నెలే, అల్యూమినియమే. ముద్ద పళ్లెంలో వదిలేసి ఫోన్ తీశాను.

నిర్మలక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం నా పేరున్న చర్చ ఒకటి మిగిలే ఉంది, దాన్ని శ్యామలికి అప్పగించి బయటపడ్డాను. పంజాగుట్ట చౌరస్తాలో ఎక్కిన ఆటో ఖాజా భాయ్‌ది. నడివయసు మనిషి, చిరాకులో ఉన్నాడు. "పొద్దుగాల నుంచి గ్యాస్ బంక్ కాడ లైన్ల నిలబడ్డ మేడం. ఇప్పుడే బయటవడ్డ. మీటర్ గీటర్ అడగకుండ్రి, వంద ఇయ్యుండ్రి" అన్నాడు. మామూలు రోజుల్లో అయితే బేరమాడేదాన్నే.

మెస్‌లో నిర్మలక్క ఫోన్‌లో పొయ్యి అమ్మినవాడిని దులిపేస్తోంది. "ఖరాబ్ మాల్ ఇచ్చినవ్ నాకు! గంజు పెడితే కుయ్ కుయ్ అంటది, బందైతది. గిట్ల చేస్తే నా బతుకేం గావాలె?" అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. ఆవిడ ఆ పొయ్యి ముందు నేలమీద కూలబడింది. నాకు జాలేసింది. పొద్దున నేనే కదా మంచి పని చేశారని మెచ్చుకున్నది!

మ్యాగ్నెట్ తీసి మెస్ ఇనుప గేటుకు పెట్టాను. టక్కున అంటుకుంది. గంజుకు పెట్టాను. జారి కిందపడింది.

"ఇది అంటుకునే గిన్నె కావాలక్కా. పొయ్యి మంచిదే."

"గీ బొమ్మ అంటుకుంటే అన్నం అయితదా? ఏం మంత్రం మేడం ఇది?" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది ఆవిడకి.

బల్కంపేట వెళ్లే దారిలో స్టీలు సామాన్ల దుకాణం ఉందని, పాతవి తూకానికి తీసుకుని కొత్తవి ఇస్తాడని ఆవిడే చెప్పింది. ఖాజా భాయ్ ఇంకా వెళ్లలేదు, నేనిచ్చిన ఐదువందల నోటుకు చిల్లర కోసం నిలబడి ఉన్నాడు. సంగతి విని, "ఇగ చిల్లర సంగతి తర్వాత, గంజులు ఎక్కించుండ్రి" అన్నాడు. ముగ్గురం, నాలుగు గంజులు, ఒక ఆటో. నా కాళ్లు ఒక గంజులో పెట్టుకుని కూర్చున్నాను.

దుకాణదారు మెరిసిపోయే గంజు తెచ్చి, ఇంతకంటే మంచి స్టీలు సిటీలోనే లేదన్నాడు. మ్యాగ్నెట్ పెట్టాను, జారిపోయింది. ఇంకోటి తెచ్చాడు, అదీ జారింది. స్టీలులోనూ అన్నీ అంటుకోవని అప్పుడు తెలిసింది. ఆయన మొహం మాడిపోయింది. "మీరు మాల్ కొననీకె వచ్చిండ్రా, నా ఇజ్జత్ తీయనీకె వచ్చిండ్రా?" చివరికి అటకమీద దుమ్ము కొట్టుకుపోయిన, అంత మెరుపు లేని బరువైన గంజుకు తేయాకు తోట బొమ్మ గట్టిగా పట్టుకుంది. దాంతోపాటు ఒక పెద్ద ఇనుప మూకుడు తీసుకున్నాం.

పాతవి తూకం వేసేటప్పుడు నిర్మలక్క అన్నిటికన్నా పెద్ద గంజు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. దాని అంచుమీద పేరు చెక్కించి ఉంది. ఆవిడ భర్త పేరు, కింద ఊరి పేరు. "ఇది మొదటిది. దీంతోనే మెస్ పెట్టినం" అంది. ఖాజా భాయ్ ఆ గంజును తీసుకెళ్లి తిరిగి ఆటోలో పెట్టేశాడు. మిగిలిన మూడూ తూకానికి వెళ్లాయి. తగ్గిన సొమ్ము నెలాఖరుకు ఇస్తానని నిర్మలక్క అంటే దుకాణదారు కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

గిన్నె కొంటే పేరు చెక్కించడం మన ఆచారం కదా. ఆయన చెక్కే మిషన్ పట్టుకుని అడిగాడు, "ఎవరి పేరు రాయాలె?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "నిర్మల అని రాయి అన్నా."

"ఊరు?"

"అమీర్‌పేట."

ఆ రాత్రి భోజనాలు పావుగంట ఆలస్యమయ్యాయి. అన్నం రెండు విడతలుగా వండారు, కూర మూకుడులో అయింది. రెండే ఐటమ్‌లా అని అమ్మాయిలు మూతులు ముడిచారు గానీ కడుపునిండా తిన్నారు. ఓనర్ వచ్చి నిలబడే తిన్నాడు. నేనూ నిర్మలక్కా ఆయన పళ్లెం వైపే చూస్తున్నాం. "కూరల ఉప్పు జర తక్కువైంది" అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉప్పు గురించి అన్నడంటే ఇగ ఏం ఫికర్ లేదు మేడం. మెస్ నాదే."

తిరుగు రైల్లో సదస్సు తీర్మానం ఫోన్‌కు వచ్చింది. ప్రాంతీయ సహకారం, ఇంధన భద్రత, పరస్పర విశ్వాసం అన్నీ ఉన్నాయి. చదువుతుంటే కొంచెం కోపమొచ్చింది, ఎక్కువ నామీదే. కొలంబోలో ఒక ఇంట్లో పిల్లలు బిస్కెట్లు తిని పడుకున్న సంగతి అమీర్‌పేట మెస్‌కు చేరడానికి ఇంత కాలం పట్టింది. అది కూడా వేదిక మీద ఎవరూ చెప్పలేదు, పప్పు కలుపుకుంటుంటే చెవిన పడింది. నా పద్నాలుగు పేజీలకు పదిహేనోది రాయడం అప్పుడే మొదలుపెట్టాను. అది గిన్నెల గురించి.

మీరు అమీర్‌పేటలో బస చేసేటట్టయితే ఒక్క సలహా. అద్దె, వైఫై అడిగినట్టే వంట దేనిమీద చేస్తున్నారో కూడా అడగండి. కరెంటు మీద అంటే గిన్నెలు చూడండి. చిన్న మ్యాగ్నెట్ ఒకటి సంచిలో ఉంటే మంచిది. నాది మాత్రం అడక్కండి. అది నిర్మలక్క పేరు పక్కన, గంజుకు అంటుకుని ఉంది.